గడపరాయి మీద తమరు కొట్టిన గీత

స్పారో బే,
బెర్ముడా దీవులు.
11 ఫిబ్రవరి 1874, బుధవారం.

గవర్నరు, సేనాధిపతి అయిన సర్ జాస్పర్ వెల్డన్ దొరవారి సముఖమునకు.

అయ్యా,

విషయం: స్పారో బే కొండ దిగువనున్న మా ఇంటి గడపరాయి మీది బాణం గుర్తు హద్దు గుర్తు కాదనియు, ఎత్తు గుర్తనియు, దానిని తమరే స్వహస్తాలతో కొట్టియున్నారనియు తమ జ్ఞాపకమునకు తెచ్చుట గురించి.

ఈ నెల ఇరవై ఏడు, శుక్రవారం ఉదయం మా ఇంటి పైకప్పు పలకలు దింపడానికి మనుషులు వస్తున్నారు. నోటీసు అందింది. అందుకే ఈ అర్జీ ఇప్పుడే రాయవలసి వచ్చింది. ఆ గుర్తు ఎందుకు కొట్టారో ఎదుట ఉండి తెలిసినవాళ్ళు ముగ్గురు. ఒకరు మా తాత కేలబ్ ఫబ్లర్, ఆయన చనిపోయారు. ఒకరు మా నాయనమ్మ జెమైమా ఫబ్లర్. ఆమె మాట ఆఫీసులో చెల్లలేదు. మూడోవారు తమరు.

నా పేరు కెజయా ఫబ్లర్. వయసు ఇరవై రెండు. మా వాళ్ళ సహాయ సంఘమైన లాడ్జి వాళ్ళు నడిపే బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు, లెక్కలు చెబుతాను. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఇలాంటి కాగితం తెల్లదొర ఎవరిచేతైనా రాయిస్తే బాగుంటుందని మా పాదిరి గారు సలహా ఇచ్చారు. ఇద్దరిని అడిగాను. ఒకరు తీరిక లేదన్నారు. రెండోవారు రాస్తానన్నారు గాని, విషయం విన్నాక తలనొప్పి అన్నారు. కనుక నేనే రాస్తున్నాను. మర్యాదలో లోపముంటే అది తెలియక జరిగినదే.

మనవి చేసుకొను అంశములు:

1. గత అక్టోబరులో తమరు ఇక్కడికి గవర్నరుగా వచ్చినప్పుడు పత్రికలో తమ ఉద్యోగ చరిత్ర రెండు నిలువు వరసల్లో అచ్చయింది. దానిని మా నాయనమ్మకు చదివి వినిపించాను. ఆమెకు ఎనభై రెండేళ్ళు. నిరుటి వేసవి నుంచి నడుము కింద కదలిక లేదు. చెవులు బాగానే ఉన్నాయి. కెనడా సరిహద్దు కొలిచారని, క్రిమియా యుద్ధంలో కందకాలు తవ్వించారని, ఆస్ట్రేలియాలో ఖైదీలకు జైలు కట్టించారని, పడమటి ఆఫ్రికా తీరాన ఒక చిన్న వలసకు గవర్నరు అయ్యారని, రాణీగారు 'సర్' బిరుదు ఇచ్చారని అందులో ఉంది. వరస మొదట్లో ఒక్క వాక్యం: "1843లో ఇరవై ఒకటో ఏట లెఫ్టినెంటుగా మొదటిసారి ఈ దీవులకు వచ్చి చిన్న చిన్న పనులు చూచిరి."

నాయనమ్మ అక్కడ ఆపమంది.

"వెల్డనా? ముక్కు మీద తోలు ఊడిపోయిన పిల్లవాడేనా?"

"పత్రికలో ముక్కు సంగతి రాయలేదు నాయనమ్మా."

"వాళ్ళెందుకు రాస్తారు! ఎండకి ముక్కు ఉల్లిపొరలా లేచిపోతుంటే నేనే కదా తాబేలు నూనె రాసింది. ఆ పిల్లవాడు గవర్నరయ్యాడా? ఎంతదాకా వెళ్ళాడే!"

ఆ చిన్న చిన్న పనుల్లో మా గడప ఒకటి.

2. ఆ రోజు జరిగినది నాయనమ్మ చెప్పిన ప్రకారం దాఖలు చేస్తున్నాను. బానిసలకు విడుదల వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆమె, తాత కలిసి ఇల్లు కట్టుకుని మూడేళ్ళు. అంతకు ముందు కట్టిన ఇల్లు, స్థలం కాగితంతో సహా, 39వ సంవత్సరపు తుఫానులో పోయింది. తమరు మూడుకాళ్ళ దుర్భిణి మోయించుకుని సముద్రం ఒడ్డు నుంచి కొండ మీదికి కొలుచుకుంటూ వచ్చారు. కొలత కర్ర పట్టుకోవలసిన సిపాయి ఎండకు సొమ్మసిల్లి పడిపోయాడు. మా తాత ఆ కర్ర తీసుకుని నిలబడ్డాడు.

"నిటారుగా పట్టుకోవయ్యా, అది కల్లు తాగిన కర్రలా ఊగుతోంది" అని తమరు అరిచారు.

"కర్ర నిటారుగానే ఉంది దొరా, ఊగుతోంది తమరే. లోపలికొచ్చి నీళ్ళు తాగండి" అన్నాడట తాత.

తమరు లోపలికి వచ్చారు. తొట్టి నీళ్ళు మూడు చెంబులు తాగారు. ఆదివారం గనక ఇంట్లో ఉప్పుచేప, ఉడికిన దుంపలు, అరటిపండు ఉన్నాయి, అవి తిన్నారు. తరువాత ఉలి, సుత్తి తీసి మా గడపరాయి ముందు ముఖం మీద గుర్తు కొట్టారు.

"అయ్యో, కొత్త గడప! ఏం పాపం చేసిందని గాయం చేస్తున్నావు నాయనా?" అంది నాయనమ్మ.

"గాయం కాదమ్మా, గుర్తు. సముద్రం నుంచి మీ గడప ఎంత ఎత్తున ఉందో దీన్ని బట్టి చెప్పొచ్చు."

"ఎంత ఎత్తున ఉంటే మాకెందుకు?"

"మీకు కాదు, నాకు కావాలి."

మర్నాడు తమరు మళ్ళీ వచ్చారు. నీళ్ళ కోసమే వచ్చారని నాయనమ్మ అంటుంది. లెక్క తేలిందని చెప్పారు: నలభై ఒకటి పాయింటు రెండు ఏడు అడుగులు. ఆ అంకె ఆమె మరిచిపోలేదు. మా నాన్నను ఉయ్యాలలో ఊపినప్పుడు అదే పాడింది, మా అన్న ఎలైజాకూ నాకూ అదే పాడింది. నాకు ఐదేళ్ళప్పుడు ఒక తుఫానులో అలలు ఉల్లి మడిదాకా వచ్చినట్టు వినిపిస్తే, "ఇంకా నలభై అడుగులుంది, పడుకోండి" అని దుప్పటి కప్పింది. మేం పడుకున్నాం.

3. ఈ అంశములో తప్పు మాదే. దాచకుండా రాస్తున్నాను.

ఈ దీవుల్లో తాగేది వాననీరే. కప్పు మీద పడ్డ చినుకు తొట్టిలోకి శుభ్రంగా దిగాలంటే ఏటా కప్పుకు సున్నం వేయాలి. మా ఇంట్లో క్రిస్మస్ ముందు వారం వేస్తాం. కప్పుకు వేసి మిగిలినది గోడలకు, ఆ పైన మిగిలినది గడపకు. గడప మాత్రం నాయనమ్మే వేసేది.

గుర్తులో రెండు భాగాలున్నాయి. కింద బాణం, మూడు గీతలు, లోతుగా. దాని నెత్తిన అడ్డంగా ఒక సన్నగీత. బాణం ప్రభుత్వం వారి గుర్తని అందరికీ తెలుసు. పీపాల మీద, తుపాకుల మీద, ఖైదీల చొక్కాల మీద కూడా చూశాం. కనుక ఆమె ప్రతి ఏడూ దేవదారు పుల్లతో బాణంలోంచి సున్నం తీసేసి శుభ్రంగా ఉంచేది. అడ్డగీత సంగతి ఆమె వేరుగా అనుకుంది. తమరు చేయి జారి ఉలి పక్కకి లాగిందని అనుకుంది. తాత రాతి మేస్త్రీ గనక, ఉలి జారితే గీత ఎలా పడుతుందో తనకు తెలుసనుకుంది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లవాడు, పై అధికారి ఎవరైనా చూస్తే చీవాట్లు పెడతారని, ఆ గీతలో సున్నం కుక్కి, వేలితో నున్నగా రాసి, కనబడకుండా చేసింది. అలా ముప్పై ఏళ్ళు చేసింది.

గీత కింద బాణం ఉంటే ఎత్తు గుర్తనీ, గీత లేని ఒట్టి బాణం ఉంటే ప్రభుత్వ భూమి హద్దనీ నేను మొన్న జనవరిలో బడి పుస్తకాల బీరువాలో ఉన్న ఒక పాత కొలతల పుస్తకం చదివి తెలుసుకున్నాను. అంతవరకు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

గడప సున్నం ఈసారి నేను వేశాను. బాణం శుభ్రం చేసి, పైన నున్నగా, అదే తీరున వేశాను; అక్కడ ఇంకో గీత ఉందని నాకు తెలియదు.

4. కొండ మీది కోటను పెద్దది చేయవలెనని తమరు వచ్చిన నెలలోనే ఉత్తరువు ఇచ్చియున్నారు. కందకం వెడల్పు చేయడానికి మా అన్న ఎలైజా ఫబ్లర్ కూలికి వెళ్ళాడు. కోట భూమికి పాత హద్దురాళ్ళు పన్నెండు. కందకంలోంచి తవ్విన రాళ్ళూ మట్టీ ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పలేదు గనక పడమటి వాలు మీద పోశారు.

నవంబరు మొదటి వారంలో ఎలైజా అన్నం దగ్గర చెప్పిన మాటలు ఇవి: "నాయనమ్మా, ఇవాళ ఏడో నంబరు రాయిని సమాధి చేశాం. బండెడు మట్టి పోశాక మేస్త్రీ దొర వచ్చి, ఇక్కడ రాయేదో ఉండాలే అన్నాడు. ఉంది దొరా, లోపల పడుకుంది, లేపమంటారా అన్నాను."

"లేపమన్నాడా?"

"వద్దు, పడుకోనీ అన్నాడు. నెత్తి మీద ఇంకో బండెడు పోయించాడు."

"ఏ మాత్రం లోతులో ఉంది అన్నా?" అని నేను అడిగాను. ఎందుకు అడిగానో గుర్తు లేదు.

"నీ బడి చెక్కబల్లలు రెండు నిలబెడితే ఎంతో అంత. పొట్టి దేవదారు మొద్దుకి సూటిగా కింద. కావాలంటే ఆదివారం చూపిస్తా, ముక్కు మూసుకుని రా, అటు పక్కే కూలీల దొడ్డి."

ఆదివారం వాన. తరువాతి ఆదివారానికి అతను లేడు. నవంబరు 13, గురువారం, కందకం గోడలో ఒక పలక జారింది. ముగ్గురు కింద ఉన్నారు, ఇద్దరు బయటపడ్డారు. విచారణలో ప్రమాదం అని తేలింది. ఆ విషయములో నాకు ఫిర్యాదు లేదు. ఎలైజాకు ఆ రాయి చోటు తెలుసు అని చెప్పడానికి మాత్రమే ఇది రాశాను.

5. డిసెంబరు నెలాఖరున కోట భూముల ఆఫీసు వారు హద్దు మళ్ళీ కొలిచారు. ఆరో రాయి దొరికింది, ఎనిమిదో రాయి దొరికింది, ఏడోది దొరకలేదు. వెతుకుతూ దిగువకు వచ్చి మా గడప మీద బాణం చూశారు. అప్పటికి సున్నం వేసి వారం. ఒట్టి బాణమే ఉంది. ఆరో రాయి నుంచి మా గడపకు, గడప నుంచి ఎనిమిదో రాయికి గీత గీశారు. ఆ గీత ప్రకారం మా ఇల్లు, తొట్టి, ఉల్లి మడి సగం ప్రభుత్వ భూమిలోకి వెళ్ళాయి. కోట చుట్టూ ప్రభుత్వ భూమిలో శత్రువుకు చాటు ఇచ్చే కట్టడం ఏదీ ఉండరాదని తమ ఉత్తరువు గనక, ఇల్లు తీసివేయవలెను. ప్రభుత్వ భూమిలో అనుమతి లేక కట్టినది గనక, బదులుగా ఇవ్వవలసినది ఏదీ లేదు.

ఫిబ్రవరి 2న నోటీసు తెచ్చిన గుమాస్తా ప్రిండిల్ దొరతో నేను మాట్లాడాను.

"ఈ స్థలం మా తాతది."

"కాగితం చూపించు."

"తుఫానులో పోయింది."

"ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా తుఫానులోనే పోయిందంటారు. ఆ తుఫాను మోసిన కాగితాలన్నీ కట్టి పెడితే ఇంకో దీవి అయ్యేది." ఆయన గడప దగ్గర వంగి గొడుగు కొనతో బాణాన్ని తట్టాడు. "మనుషులు ఏమైనా అంటారు. రాయి అబద్ధం చెప్పదు."

నాయనమ్మ మంచంలోంచి, "రాయి అబద్ధం చెప్పదు నాయనా, దాని నోట్లో నేనే సున్నం కుక్కాను" అంది. ఆయనకు అర్థం కాలేదు. నాకు అప్పుడు అర్థమైంది. పుస్తకంలో చూసిన బొమ్మ గుర్తొచ్చింది.

ఆయన వెళ్ళగానే మేకు తీసుకుని సున్నం గోకాను. ముప్పై ఒక్క పూతలు రాయిలా గట్టిపడ్డాయి. గట్టిగా గోకవలసి వచ్చింది. గీత బయటపడింది, బాణం నెత్తిన, అడ్డంగా, నా జానెడు. మర్నాడు ఆఫీసుకు పరుగెత్తి ప్రిండిల్ దొరను, ఒక కార్పొరల్‌ను తీసుకొచ్చాను.

కార్పొరల్ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. "కొత్త గీత, సార్. అంచులు తెల్లగా ఉన్నాయి. మేకు గీతలు కూడా ఉన్నాయి."

"అవి నేను సున్నం గోకిన గీతలు" అన్నాను.

"ప్రభుత్వపు గుర్తును ముట్టుకున్నానని నీ నోటితోనే ఒప్పుకుంటున్నావు" అన్నాడు ప్రిండిల్ దొర. "పంతులమ్మవి కదా. పిల్లలకి ఇదేనా నేర్పేది?"

"1843 కొలతల పుస్తకం ఉంటుంది కదండీ. అందులో మా గడప ఉంటుంది."

"ఆ కాలపు పుస్తకాలన్నీ రేకు పెట్టెలో ఇంగ్లండుకు పోయాయి. వెళ్ళి చూసుకో. శనివారం ఓడ ఉంది."

గుర్తును మార్చినందుకు నా మీద ఫిర్యాదు రాస్తున్నట్టు తరువాత కబురు వచ్చింది. అది రుజువైతే లాడ్జి వారు నన్ను బడిలో ఉంచరాదు. అలా చెప్పింది వారు కాదు. నిబంధనలు నేనే చదివాను.

మట్టి కుప్ప తవ్వి ఏడో రాయి తీయడానికి అనుమతి కోరగా, కుప్ప ప్రభుత్వ భూమిలో ఉన్నందున బయటివారు తవ్వరాదని జవాబు వచ్చింది. ఆ కుప్ప నిజంగానే ప్రభుత్వ భూమిలో ఉంది. అందులో తగాదా లేదు.

6. తమ ఉద్యోగ చరిత్రను పత్రికలోంచి కత్తిరించి దాచాను. దాని పక్కన మా ఇంటి సంగతులు రాసుకున్నాను. తమరు క్రిమియాలో ఉన్న ఏడు తాత చనిపోయాడు. తమరు జైలు కట్టించిన రెండో ఏడు మా నాన్న ఎక్కిన ఓడ తిరిగి రాలేదు. తమరు ఆఫ్రికా తీరానికి గవర్నరైన ఏడు పచ్చజ్వరం వచ్చి అమ్మ పోయింది. ఇది నిష్ఠూరంగా రాయడం లేదు. ఇందులో దేనికీ తమకు సంబంధం లేదు. తమరు ఎన్నెన్ని చోట్లనో ఎన్నెన్ని గుర్తులు కొట్టి ఉంటారో, అందులో ఒకటి జ్ఞాపకం ఉంటుందని అనుకోవడానికి ఏదో ఒక ఆధారం వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. అయినా రాస్తున్నాను.

నాయనమ్మకు మాత్రం సందేహం లేదు. "నీళ్ళు తాగిన ఇల్లు మరిచిపోతాడా?" అంటుంది. తమరు ఆ తరువాత తాగిన నీళ్ళ లెక్క ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

అడ్డగీత ఉలి జారడం వల్ల పడింది కాదని, కావాలనే కొట్టిందని ఆమెకు చెప్పవలసి వచ్చింది. మంచం పక్క గోడ సున్నాన్ని వేలితో రాసి చూసింది. తరువాత, "నేను కాపాడాననుకున్నానే" అంది. అప్పటినుంచి అన్నం సరిగా తినడం లేదు. దీనికి తమరు చేయగలిగినది ఏమీ లేకపోవచ్చు.

కావున ప్రార్థించునది ఏమనగా:

(అ) మా గడపరాయి మీది గుర్తు 1843లో తాము ఎత్తు కొలిచేందుకు కొట్టినదేనని తమ చేతి వ్రాతతో ఒక్క వాక్యం దయచేయవలెను. తమకు జ్ఞాపకం లేనియెడల, తమ సొంత పుస్తకాల్లో ఆ ఏటి కొలతలు ఉన్నవేమో చూడవలెను. స్పారో బే దగ్గర 41.27 అని ఉండాలి. చదువురాని మనిషికి ఆ అంకె తమ నోటినుంచి తప్ప ఇంకెలా తెలుస్తుందో ఆలోచించవలెను.

(ఆ) పడమటి వాలు మీది మట్టి కుప్పను, పొట్టి దేవదారు మొద్దుకు సూటిగా కింద, ఆరడుగుల లోతు తవ్వించవలెను. మనుషులు చాలకపోతే నేను, మా లాడ్జి వారు వచ్చి తవ్వుతాము. కూలి అక్కరలేదు. ఏడో రాయి దొరికితే ఆరు నుంచి ఏడుకు, ఏడు నుంచి ఎనిమిదికి గీత మళ్ళీ గీయించవలెను. మా ఇల్లు దానికి ఎనభై గజాలు దిగువన ఉంది.

(ఇ) పై రెండూ తేలేవరకు ఇరవై ఏడో తేదీ పనిని ఆపించవలెను.

(ఈ) నేను మేకుతో గోకిన మాట నిజం. దానికి శిక్ష వేయదలచుకుంటే నాకే వేయవలెను. ఆమె సున్నం కుక్కిన విషయాన్ని నేరంగా ఎవరూ ఎత్తకుండా చూడవలెను.

కోటను ఆపమని అడగడం లేదు. దయ చూపమని కూడా అడగడం లేదు. తమకు తెలిసిన విషయాన్ని తెలుసునని చెప్పమని మాత్రమే అడుగుతున్నాను. ఇంతమట్టుకు తమరు చిత్తగించవలెనని మనవి.

తమ విధేయురాలు,
కెజయా ఫబ్లర్

జెమైమా ఫబ్లర్, ఆమె గుర్తు: X
(సంతకం నేర్పుతానన్నాను. "ఇప్పుడెందుకే, దొరకి నా చేయి తెలియదు, నా నూనె తెలుసు" అంది.)

మళ్ళీ రాయునది: పైదంతా రాసి మడిచాక ఇది జ్ఞాపకం వచ్చింది. జవాబు కాదనైనా సరే, అవుననైనా సరే, ఇరవై నాలుగో తేదీ మంగళవారం సాయంత్రంలోగా అందేలా చేయండి. ఇరవై ఆరున చెబితే నాకు పనికిరాదు. నాయనమ్మ మంచం దిగదు, మంచంతోనే మోయాలి. దేవదారు మంచం, బరువు ఎక్కువ, నలుగురు కావాలి. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మిగతా ముగ్గురినీ అడగాలి. వాళ్ళు ముగ్గురూ కోట పనికి వెళ్ళేవాళ్ళే, శుక్రవారం సెలవు కావాలంటే రెండు రోజుల ముందు, అంటే బుధవారం పొద్దున్నే, చెప్పుకోవాలి. కనుక మంగళవారం.